వార్డ్‌రోబ్ తలుపు రిపేరా? పాత హింజులు చేతికి తీసుకున్నాకే డబ్బులివ్వండి

మూలకి వాలిన ఒక్క తలుపు కోసం 2,200 ఇచ్చాను. ఆ రిపేరు పాడుచేసిన పక్క తలుపు కోసం ఇంకో 6,000 పోశాను. నాలాగే ఎవరో ఒకరు ఇవాళో రేపో యాప్‌లో మనిషిని బుక్ చేస్తారు కదా, అందుకే రాస్తున్నా.

మాది నిజాంపేటలో ఫ్లాట్. బెడ్‌రూమ్‌లో బాత్‌రూమ్ గోడకి ఆనించి మూడు తలుపుల వార్డ్‌రోబ్. మధ్య తలుపు కొంచెం కిందికి దిగి, మూసినప్పుడల్లా అడుగున రాసుకునేది. వచ్చిన కుర్రాడు తలుపు పట్టుకుని రెండుసార్లు ఊపి, "హింజులు పోయాయి సార్, మార్చాల్సిందే" అన్నాడు. స్క్రూడ్రైవర్ సంచీలోంచి బయటికి కూడా తీయలేదు. అసలు అక్కడే నాకు వెలగాల్సింది.

తర్వాత తెలిసిన సంగతి ఇది. మన వార్డ్‌రోబ్‌లకి వేసే ఆటో హింజులు, అంటే తలుపుని పలకకి పట్టి ఉంచే బందులు, చూడ్డానికి ఒకేలా ఉన్నా మూడు రకాలు. చివరి పలకని పూర్తిగా కప్పే తలుపుకి జీరో క్రాంక్, అంటే హింజు చేయికి వంపు ఉండదు, తిన్నగా ఉంటుంది. మధ్య పలక మీద రెండు తలుపులు సగం సగం కూర్చునే చోట 8 క్రాంక్, చేయి కాస్త వంగి ఉంటుంది. తలుపు ఫ్రేమ్ లోపలికి వెళ్లిపోయే రకానికి 16 క్రాంక్, బాగా వంపు. మా మధ్య తలుపుకి కావాల్సింది 8. అతను తెచ్చింది జీరో. దాంతో తలుపు పక్కకి జరిగి మూడో తలుపు అంచు మీదికి ఎక్కి కూర్చుంది. రెండూ మూసుకోవు.

అప్పుడేం చేశాడనుకుంటున్నారు? హింజు మార్చలేదు. నేను వంటింట్లో టీ పెట్టి వచ్చేలోపు మూడో తలుపు, ఏ రోగమూ లేని తలుపు, ఊడదీసి దాని అంచుని చిత్రిక పట్టేశాడు! సన్‌మైకా అంచంతా పెచ్చులు లేచింది, అంచుకి అంటించే పట్టీ, ఎడ్జ్ బ్యాండ్, రిబ్బన్‌లా నేల మీద పడి ఉంది. లోపల రవ్వ ఉండల్లాంటి పార్టికల్ బోర్డు. అది చూశాకే నాకు తెలిసింది, నాలుగేళ్ల కింద ఇంటీరియర్ వాళ్లు "మెరైన్ ప్లై సార్", అంటే నీటికి తట్టుకునే ప్లైవుడ్, అన్నది నోటిమాటేనని. బిల్లులో ఎక్కడా లేదు.

వానలు పట్టాక ఆ అంచు తేమ తాగి బొరుగుల్లా ఉబ్బింది. ఫోన్ చేస్తే "గ్యారంటీ హింజులకే సార్, చెక్కకి కాదు."

చివరికి పక్క వీధి వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. హింజు ప్లేటు స్క్రూ విప్పితే రంధ్రంలోంచి గోధుమరంగు పొడి రాలింది. "బాబూ, హింజు పోలేదు, పట్టు పోయింది" అన్నాడు. 7 అడుగుల తలుపు, బరువు దాదాపు 12 కిలోలు, మూడే హింజుల మీద వేలాడదీశారు. కనీసం నాలుగుండాలట. వదులైన రంధ్రాల్లో ఫెవికాల్ ముంచిన టేకు పుల్లలు కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు 8 క్రాంక్‌వి నాలుగు బిగించాడు. మూడో తలుపు మాత్రం ప్లైవుడ్‌తో కొత్తది చేయక తప్పలేదు. ఈసారి షీటు కోయకముందే దాని మీద మెరైన్ ప్లై ముద్ర చూపించమన్నాను, ఐఎస్ 710. 303 అని ఉంటే అది మెరైన్ కాదు, ఎవరెంత ఒట్టేసినా సరే.

మీ తలుపు వాలితే ముందు మీరే స్క్రూడ్రైవర్ పట్టండి. హింజు మీద ముందున్న స్క్రూ తలుపుని పక్కలకి జరుపుతుంది, వెనకది లోపలికీ బయటికీ. ప్లేటు స్క్రూలు వదులు చేస్తే పైకీ కిందికీ జరుగుతుంది. స్క్రూ ఎంత తిప్పినా బిగియకుండా వట్టిగా తిరుగుతోందంటే తప్పు చెక్కది, కొత్త హింజు దండగ. మార్చాల్సే వస్తే పాతది జేబులో వేసుకుని మీరే షాపుకెళ్లండి. నా పాతవి మూడూ అతను "స్క్రాప్ సార్" అని పట్టుకుపోయాడు, అవి ఉంటే చేయి వంపు చూసి అప్పుడే పట్టుకునేవాణ్ణి.

బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు, సిగ్గుచేటు. యూపీఐ రసీదు, చిత్రిక పట్టిన అంచు ఫోటోలతో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. వారానికి ఆ యాప్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, ఉచితంగా సరిచేస్తారట. ఎవర్ని పంపుతారని అడిగాను. ఆ కుర్రాణ్ణేనట.

వద్దన్నాను.