రాయబారం ఎవరికివ్వాలి? పాత రాక్ బృందాలతో నా పద్దెనిమిదేళ్ళ అనుభవం

నేను సమీక్షించబోయే సరుకు మిక్సీ కాదు, మోటారు సైకిలూ కాదు. సంగీతోత్సవాల పోస్టరు మీద అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో పేరు వేయించుకుని, రాత్రి ఆఖరున వేదిక ఎక్కే పాత రాక్ బృందం. 2007 నుంచి వాడుతున్నాను. టికెట్టు డబ్బులు నావి, రైలు ఛార్జీలు నావి, తిరిగొచ్చాక వారం రోజులు వదలని మోకాళ్ళ నొప్పులూ నావే. ఉచితంగా చూసి మొహమాటానికి రాసింది కాదని మనవి.

మాది పాలకొల్లు. మైకు సెట్టు వ్యాపారం, నాన్నగారి కాలం నుంచి ఉన్నదే. పెళ్ళి, జాతర, శ్రీరామనవమి పందిరి, పద్యనాటకం, ఏదైనా మా అహూజా యాంప్లిఫయర్ల గుండానే ఊరి చెవిన పడాలి. అలాంటి ఇంట్లోకి రాక్ సంగీతం ఎలా వచ్చిందంటే, ఈ ప్రాంతంలో సగం వస్తువులు వచ్చిన దారినే వచ్చింది. మస్కట్‌లో డ్రైవరుగా చేసే మా పెదనాన్నగారి అబ్బాయి 1987లో సెలవుకు వస్తూ ఒక టూ ఇన్ వన్, దానితోపాటు ఏడు క్యాసెట్లు తెచ్చాడు. మూడు అరబ్బీ పాటలు, ఒకటి ఖాళీది. మిగతా మూడూ డీప్ పర్పుల్, స్కార్పియన్స్, ఐరన్ మెయిడెన్. మెయిడెన్ క్యాసెట్టు మీది పిశాచం బొమ్మ చూసి మా నాయనమ్మ దాన్ని దేవుడి గది వైపు తీసుకురావద్దని ఒట్టు పెట్టించుకుంది. కొత్త హారన్లు వచ్చినప్పుడల్లా పరీక్షకు నేను ఆ క్యాసెట్టే వేసేవాణ్ణి. గేదెలు పాలు ఎగ్గొడుతున్నాయని వెనక వీధివారు నాన్నగారికి ఫిర్యాదు చేసేదాకా అదే సాగింది.

2007 మార్చి 17న అదే ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడుతోందని తెలిసి, తాడేపల్లిగూడెంలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 1975లో స్టీవ్ హారిస్ మొదలుపెట్టిన బృందం. అప్పటికే ముప్ఫై దాటిన వయసు. గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు నలభై ఎనిమిది. మా దగ్గర ఆర్కెస్ట్రా గాయకులు ఆ వయసుకు కుర్చీ అడుగుతారు. ఇతను వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతూ పాడాడు. అంతకంటే నాకు నచ్చినది, పాతవాటి మధ్య ముందటి ఏడాదే వచ్చిన ఆల్బమ్ పాటలు కూడా ఏ సంకోచం లేకుండా పెట్టడం. పాతవి మాత్రమే పాడే బృందం తన పెళ్ళి ఆల్బమ్ వచ్చినవాళ్ళందరికీ చూపించే మనిషిలాంటిది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ డికిన్సనే బృందాన్నీ సామాన్లనూ ఎక్కించుకుని బోయింగ్ 757 విమానం తానే నడుపుకుంటూ ప్రపంచ యాత్ర చేశాడు. మొదటి మజిలీ ముంబయి. మేము మినీ లారీలో రెండు జనరేటర్లు వేసుకుని అంతర్వేది వెళ్ళడానికే రోజంతా పడుతుంది.

రెండో వాడకం 2011 అక్టోబరు 30, మళ్ళీ అదే మైదానం, ఈసారి మెటాలికా. ఇక్కడే నా వృత్తి నన్ను పట్టుకుంది. పాటలన్నీ నాకు తెలిసినవే, కానీ ఏదో మెట్టు తప్పినట్టుంది. మొదట మా టూ ఇన్ వన్‌ను అనుమానించాను. దాని మోటారు వేగం కాస్త ఎక్కువ, టేపు వేగంగా తిరిగితే శ్రుతి పైకి పోతుంది కదా, ఇన్నేళ్ళూ నేను విన్నదే తప్పేమో అనుకున్నాను. ఇంటికొచ్చి సీడీ వేసి హార్మోనియంతో పోల్చి చూస్తే సంగతి తేలింది. వాళ్ళు రికార్డు చేసినదానికంటే అరమెట్టు దించి వాయిస్తున్నారు. వేదిక మీద వాళ్ళకది తొంభైల నుంచీ ఉన్న అలవాటేనట. తీగలు కాస్త వదులవుతాయి, గొంతుకు భారం తగ్గుతుంది.

ఇది మోసమా? మా మేనల్లుడు మోసమే అన్నాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, ఇలాంటి ప్రయాణాల్లో నాకు తోడు వాడే. వాడికి జవాబు చెప్పడానికి నేను పద్యనాటకం దాకా వెళ్ళాల్సి వచ్చింది.

తిరుపతి వేంకట కవుల నాటకాలు రాత్రంతా ఆడితే (ఆ జంటలో ఒకరిది కడియం, ఇంకొకరిది యండగండి, ఇద్దరూ మన గోదావరివాళ్ళే) ఒక్క కృష్ణుడు సరిపోడు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. కరపత్రంలో పెద్ద అక్షరాలు రాయబారం కృష్ణుడివే. ఆ సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటుతుంది. పిల్లలు చాపల మీద నిద్రపోతారు, పెద్దలు ఆయన కోసమే కళ్ళు నులుముకుంటూ కూర్చుంటారు. కొన్నేళ్ళ కిందట నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో ఆ సీనుకు డెబ్బై దాటిన నటుడు వచ్చాడు. రంగు వేసుకుంటూనే నన్ను పిలిచాడు.

"బాబూ, ఇవాళ గొంతు కుదురుగా లేదు. ఒక మెట్టు దించి పాడతాను. నువ్వు మాత్రం మైకు పెంచకు."

"పెంచితే మీకే సుఖం కదండీ?"

"పెంచితే నా గొంతులో ఉన్న జీర కూడా పెరుగుతుంది."

హార్మోనియం ఆయన మెట్టు దించాడు. నటుడు రాగం కూడా కుదించాడు, వయసులో ఉన్నప్పుడు నిమిషం సాగదీసేదాన్ని ఇప్పుడు రెండు విరుపుల్లో ముగించాడు. కానీ చివరి పాదానికి ముందు ఆగాడు. ఎంతసేపు? నా చెయ్యి మిక్సర్ మీద ఉంది, లైను తెగిందేమోనని బిక్కచచ్చి తీగ వైపు చూసేంతసేపు. అప్పుడు ఆ పాదం చెప్పాడు. చాపల మీది పిల్లలు కూడా లేచి కూర్చున్నారు. వన్స్ మోర్ అని కేకలు వస్తే చేతులు జోడించి, పాడకుండా, కథలోకి వెళ్ళిపోయాడు. మెట్టు దించడం మోసం కాదని నాకు నేర్పినది ఆయనే. ఉన్న గొంతును దాచకుండా దానికి తగ్గ పాట పాడటం అది.

అసలు మోసం ఎలా ఉంటుందో కూడా చూశాను. ఒక నగరంలో, ఒక ఉత్సవంలో, పేరున్న పాత బృందం. ఏ బృందమో చెప్పను. నా అలవాటు ప్రకారం సౌండు కంట్రోలు బల్ల పక్కన నిలబడ్డాను (ఇలాంటి చోట్లకు వెళ్ళేవాళ్ళకు నా ఒకే ఒక సలహా ఇది: ముందు వరుసల తొక్కిసలాట మానేసి ఆ బల్ల దగ్గర నిలబడండి, శబ్దం సరిచూసేది అక్కడ వినపడేదాన్ని బట్టే). పల్లవి మధ్యలో గాయకుడు మైకును జనం వైపు తిప్పాడు. జనం పాడారు. జనంతోపాటు ఆయన గొంతు కూడా బాక్సుల్లోంచి నిక్షేపంగా వస్తూనే ఉంది! తర్వాత పాటలో మైకు జానెడు దూరం జరిగినా గొంతు వీసమెత్తు తగ్గలేదు. ఆ తర్వాత నేను పాట వినలేదు, ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. మా ఊరి పెళ్ళి రిసెప్షన్‌లో ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టి పాడే అమ్మాయి కూడా మైకు పక్కకు తిప్పినప్పుడు నోరు మూసుకుంటుంది.

కాబట్టి పాత బృందం పైన ఉండొచ్చా అని ఎవరైనా అడిగితే నేను పుట్టిన సంవత్సరం అడగను. ఈ రాత్రి తప్పు జరగడానికి చోటుందా అని అడుగుతాను. గొంతు విరగొచ్చు, తాళం జారొచ్చు, మాట మరిచిపోవచ్చు. ఆ ప్రమాదం ఉన్నంతకాలం ఎనభై ఏళ్ళవాడైనా పెద్ద అక్షరాలకు అర్హుడే. అది లేకపోతే ఇరవై ఏళ్ళవాడికైనా నేను టికెట్టు కొనను.

ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ ఉత్సవం జరిగేది ఒక పాడి రైతు పొలంలో. 1970లో మొదలైనప్పుడు టికెట్టు ఒక్క పౌండు, దానికి పాలు ఉచితం. మన రైతులకు ఈ సంగతి చెబితే నమ్మరు. అక్కడ 2022లో ఒకప్పటి బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ ఆఖరున పాడాడు, ఎనభై నిండి వారం. గొంతు అక్కడక్కడా జీరపోయింది. ఒక పాటలో పాత చిత్రంలోంచి వేరుచేసిన జాన్ లెనన్ గొంతు వినిపిస్తూ దానితో కలిసి పాడాడు. ట్రాకును తిట్టిన నేను దీన్నెలా ఒప్పుకుంటానని మేనల్లుడు నిలదీశాడు. ఒప్పుకుంటాను. ఆ గొంతు చనిపోయిన స్నేహితుడిదని, రికార్డుదని అక్కడ అందరికీ తెలుసు. తెర మీద బొమ్మ కూడా కనపడుతోంది. నాది అని చెప్పుకున్నప్పుడే కదా దొంగతనం.

2025 మార్చిలో ముంబయి మహాలక్ష్మి రేస్ కోర్సులో లోలాపలూజా సంగీతోత్సవానికి వెళ్ళాం. పైన ఉన్న పేర్లలో ఒకటి గ్రీన్ డే. వాళ్ళ గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ 1972లో పుట్టాడు, నేనూ అదే సంవత్సరం. అతను గెంతుతుంటే నా మోకాళ్ళు సానుభూతితో నొప్పెట్టాయి. నా చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది ఆ బృందం 1994లో తెచ్చిన ఆల్బమ్ నాటికి పుట్టనే లేదు. అయినా ఒక్క మాట తడబడకుండా పాడుతున్నారు. పాత బృందాలను జ్ఞాపకాల కోసమే పిలుస్తారనే మాట ఆ రోజుతో నాకు పోయింది. ఆ పిల్లలకు జ్ఞాపకాలెక్కడివి?

మేనల్లుడి అసలు బాధ వేరు. "మామయ్యా, వీళ్ళే పైన కూర్చుంటే కుర్రాళ్ళు ఎప్పుడు పైకొస్తారండీ?" ఇది న్యాయమైన ప్రశ్న, నా దగ్గర సగం జవాబే ఉంది. 1985లో ఇంగ్లండులోని డానింగ్టన్ ఉత్సవానికి జీజీ టాప్ పెద్ద పేరు. మెటాలికా పగటిపూట, బాన్ జోవీ కంటే ముందు పాడింది. పదేళ్ళకు, 1995లో, అదే మైదానంలో ఆఖరున పాడినది మెటాలికాయే. మధ్యలో వాళ్ళకు ఆ పదేళ్ళు దొరికాయి. ఇప్పటి కుర్రాళ్ళకు దొరుకుతున్నాయా అంటే, నిర్వాహకుల లెక్కలు చూస్తే అనుమానమే. రెండు గంటలు అందరికీ తెలిసిన పాటలే పాడాలంటే అంత సరుకు పాతవాళ్ళ దగ్గరే ఉంటుంది. టికెట్టు కొనే స్తోమత కూడా మా వయసువాళ్ళ దగ్గరే ఎక్కువ. కొబ్బరి తోటలో పాత చెట్ల నీడలో పెట్టిన మొక్క బతుకుతుంది, కానీ కాపు ఆలస్యం.

గ్లాస్టన్‌బరీవాళ్ళు దీనికొక ఉపాయం చేశారు. ఆదివారం మధ్యాహ్నం వేళ ఒక దిగ్గజానికి ప్రత్యేకంగా చోటిస్తారు. 2014లో డాలీ పార్టన్, 2025లో ఎనభై ఏళ్ళ రాడ్ స్టీవర్ట్. జనం తక్కువేమీ రారు, గౌరవం తగ్గదు, రాత్రి చోటు ఇంకొకరికి మిగులుతుంది. అదే 2025లో ఆదివారం రాత్రి ఆఖరు పేరు ఇరవై రెండేళ్ళ ఒలీవియా రోడ్రిగోది. ఆమె తన సమయంలోంచి రెండు పాటలు ఇచ్చి ద క్యూర్ గాయకుడు రాబర్ట్ స్మిత్‌ను వేదిక మీదికి పిలుచుకుంది. ఆయనకు అరవై ఆరు. పెద్దవాణ్ణి చిన్నది పిలవడం నాకు భలే నచ్చింది. అయితే ముందురోజు రాత్రి డెబ్బై తొమ్మిదేళ్ళ నీల్ యంగ్ కూడా ఆఖరునే పాడాడు, అదీ నచ్చింది. నా మాటలు ఒకదానికొకటి పొసగడం లేదని తెలుసు.

మన దగ్గర శాస్త్రీయ సంగీతానికి ఈ గొడవే లేదు. రాజోలు వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనభైల్లో కూడా పాడారు, ఆయన కచేరీ మధ్యాహ్నానికి మార్చమని ఎవరూ అడగలేదు. కూర్చుని పాడే సంగీతానికి వయసు వడ్డీలా చేరుతుంది. రాక్ మాత్రం మొదటి రోజే గెంతుతానని మాటిచ్చింది. ఆ మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

కానీ కూర్చుని కూడా నెగ్గినవాడున్నాడు. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్కులో బ్లాక్ సబ్బాత్ చివరి కచేరీ. డబ్బు కట్టి ఇంట్లోనే చూశాను. వాళ్ళ పగలంతా, మన రాత్రంతా వరసగా బృందాలు, మెటాలికా, గన్స్ అండ్ రోజెస్ అందరూ ముందు పాడేసి తప్పుకున్నారు. సబ్బాత్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ వంతు మనకు తెల్లవారుజామున వచ్చింది, సరిగ్గా మా రాయబారం సీను వేళ. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని మనిషి, డెబ్బై ఆరేళ్ళు, నల్లటి సింహాసనంలో కూర్చునే వేదిక కింద నుంచి పైకి వచ్చాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు, అయినా పాడుతూనే ఉన్నాడు. శ్రుతి అక్కడక్కడా పక్కకు పోయింది. మా ఆవిడ కాఫీ తెచ్చి తెర వైపు చూసి, "పాపం, ఎవరండీ ఆయన?" అంది. చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. పదిహేడు రోజులకు, జూలై 22న ఆయన పోయాడు.

మార్కులంటారా? మెయిడెన్‌కు ఐదుకు ఐదు, మెటాలికాకు నాలుగున్నర, గ్రీన్ డేకు నాలుగు, పేరు చెప్పనివాళ్ళకు సున్నా. ఓజీకి మార్కులు వేయను.

మొన్న నాటక కమిటీవాళ్ళు వచ్చే శ్రీరామనవమికి సెట్టు మాట్లాడుకోవడానికి వచ్చారు. ఆ పెద్దాయన్నే మళ్ళీ రాయబారానికి పిలవాలని కొందరు, ఆయనకు పడక సీను ఇచ్చి రాయబారం తణుకు కుర్రాడికి ఇవ్వాలని కొందరు. నన్ను అడిగారు. పెద్దాయనను అడిగి చూడమన్నాను. ఇంకా కబురు రాలేదు. హార్మోనియం ఆయనకు మాత్రం రెండు శ్రుతులకూ సిద్ధంగా ఉండమని చెప్పి ఉంచాను.