పెంట్రిడ్జ్ జైలు: ఫొటోలకు వెళ్లండి, బస మాత్రం వేరే చోట చూసుకోండి

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, పాత పెంట్రిడ్జ్ జైలు ఆవరణలో ఓ ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. కిటికీ తెరిస్తే చారిత్రక జైలు గోడ కనిపిస్తుందని ప్రకటనలో రాసి, ఫొటో కూడా పెట్టాడు ఆ ఇంటాయన. తీరా తెరిచాక కనిపించినవి ఎదుటి బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్లు, వాటి కింద వరుసగా ఏసీ యంత్రాలు. అద్దె రాత్రికి 189 డాలర్లు, శుభ్రం చేసినందుకు 95, కారు పెట్టుకోవడానికి రోజుకు 25. గోడ ఎక్కడయ్యా అని సందేశం పెడితే, "బాల్కనీ ఎడమ మూల నుంచి కాస్త వంగి చూడండి" అని జవాబు. వంగి చూశాను. జానెడు రాయి కనిపించిన మాట నిజమే. మా ఆవిడ వెనక నుంచి నా చొక్కా పట్టుకుని నిలబడింది. నేను పడిపోతానని కాదట, పడితే మళ్లీ 95 డాలర్లు అడుగుతాడేమోనని.

ఊరుకోలేదు. ప్రకటనలోని ఫొటో, కిటికీలోంచి నేను తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి బుకింగ్ సంస్థకు పంపాను. రెండు రోజులు నాన్చి ఆ 95 డాలర్లు వెనక్కి ఇచ్చారు. అద్దెలో పైసా తగ్గించలేదు. కాబట్టి మీరెవరైనా ఇక్కడ అద్దెకు దిగాలనుకుంటే, డబ్బు కట్టే ముందే అది ఎన్నో అంతస్తో, కిటికీ ఏ దిక్కుకో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఇంత కోపంలోనూ చెప్పక తప్పదు, కెమెరా ఉన్నవాళ్లకు ఈ చోటు పండగే. మెల్‌బోర్న్‌కు ఉత్తరాన కోబర్గ్‌లో ఉంది పెంట్రిడ్జ్. 1850ల ఆరంభంలో మొదలైన ఈ జైలు 1997లో మూతపడింది. ఆ తర్వాత ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, ఇప్పుడు ఆవరణ నిండా అపార్ట్‌మెంట్లు, సూపర్‌మార్కెట్, సినిమాహాళ్లు, హోటల్. బీ డివిజన్ అనే పాత జైలు విభాగంలో నాలుగైదు ఖైదు గదుల మధ్య గోడలు తీసేసి ఒక్కో సూట్‌గా మార్చిన హోటల్‌ను మేము బయటి నుంచే చూసి సరిపెట్టుకున్నాం. అసలు ఒకప్పుడు ఈ ఊరి పేరే పెంట్రిడ్జ్. జైలు అపకీర్తి తమకూ అంటుకుంటోందని జనం గొడవపెట్టి 1870లో కోబర్గ్ అని మార్పించుకున్నారు. ఇప్పుడేమో అదే పేరును పెద్ద అక్షరాలతో బోర్డుల మీద రాసి ఫ్లాట్లు అమ్ముతున్నారు! వీధులకు కూడా స్టాకేడ్ అవెన్యూ, వార్డెన్స్ వాక్ లాంటి జైలు పేర్లే.

ఫొటోల సంగతికి వస్తే, ఇక్కడి పాత గోడలు ఎక్కువగా బ్లూస్టోన్, అంటే నల్లటి బసాల్ట్ రాయి. ఖైదీల చేతనే తవ్వించి కట్టించిన గోడలివి. దగ్గరికి వెళ్లి చూస్తే రాయి నిండా సన్నటి రంధ్రాలు, వాటి మీదుగా ఉలి దెబ్బల చారలు. ఒక దెబ్బ లోతుగా, పక్కది పైపైన, ఇంకొకటి పక్కకు జారినట్టు. కోట బురుజుల్లాంటి ప్రధాన ద్వారం కన్నా నాకు ఆ చారలే ఎక్కువ నచ్చాయి. అయితే ఈ నలుపుకు కెమెరా మోసపోయి వెలుతురు పెంచేస్తుంది, రాయి బూడిద రంగులోకి పోతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. వెనకున్న కొత్త భవనాల తెలుపు కూడా అప్పుడే అదుపులో ఉంటుంది. ఛాంప్ వీధిలోని ద్వారం పడమటి ముఖం, కాబట్టి పొద్దున వెళితే ముందంతా నీడే. సాయంత్రం ఎండలో తీయండి. దుకాణాల ముందు ట్రైపాడ్ దించగానే కాపలా మనిషి ఒకాయన వచ్చి మర్యాదగానే మడిచేయమన్నాడు. చేత్తో పట్టుకుని తీస్తే ఎవరూ ఏమీ అనలేదు. బాల్కనీల వైపు మాత్రం గురిపెట్టకండి, అక్కడ కాపురాలున్నాయి.

చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ వాళ్ల పర్యటన తప్పకుండా తీసుకోండి, టికెట్ ముందుగానే కొనుక్కోండి. మేము చూసింది హెచ్ డివిజన్. 1958 నుంచి దారికి రాని ఖైదీలను వేసిన చోటు. పైకప్పు లేని ఇరుకు దొడ్లలో ఒక్కొక్కరిని విడివిడిగా నిలబెట్టి సుత్తితో రాళ్లు కొట్టించేవారు. అక్కడ రికార్డు చేసిన మాజీ ఖైదీల గొంతులు వింటూ నేను కెమెరా దించేశాను. మా ఆవిడ సగంలోనే బయటికి వెళ్లిపోయింది. బయట డీ డివిజన్ దగ్గర మా బావమరిది ఆమెకు ఇంకో కబురు చెప్పాడు: ఆస్ట్రేలియాలో చివరిసారి ఉరి తీసింది ఇక్కడే, 1967 ఫిబ్రవరి 3న, రొనాల్డ్ ర్యాన్ అనే ఖైదీని. అప్పుడు జనం పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. 1975లో విక్టోరియా రాష్ట్రం ఉరిశిక్షనే ఎత్తేసింది. "ఇలాంటి చోట గృహప్రవేశం ఎలా చేస్తార్రా?" అని ఆమె తమ్ముడి మీద విరుచుకుపడింది. ఎందుకంటే అతను మాతో వచ్చింది జైలు చూడటానికి కాదు, ఫ్లాటు చూడటానికి.

రావడానికి ఫ్లిండర్స్ స్ట్రీట్ నుంచి 19వ నంబరు ట్రామ్ ఉంది, నెమ్మది. అప్‌ఫీల్డ్ లైను రైలెక్కి కోబర్గ్‌లో దిగితే త్వరగా చేరతారు, కొంచెం నడవాలి. 2025 ధరల ప్రకారం ట్రాములకు, రైళ్లకు వాడే మైకీ టికెట్ కార్డు 6 డాలర్లు, రెండు గంటల ప్రయాణం 5.50, పని దినాల్లో రోజంతా తిరిగినా 11 దాటదు. అంటే నగరంలో బస చేసి రోజూ వచ్చిపోయినా, మనిషికి ఆ కారు స్థలం అద్దెలో సగం కూడా కాదు. తిరుగుదారిలో సిడ్నీ రోడ్డు మీద లెబనీస్ బేకరీలో పొయ్యి మీంచి దింపిన జాతర్ (ఎండు ఆకుల మసాలా పొడి) రొట్టె తినండి. మా ఆవిడ మూడ్ బాగుపడింది అక్కడే.

బావమరిది ఫ్లాటు ఆలోచన మానుకున్నాడు. ఉరి కారణం కాదు, వాస్తూ కాదు. భవన నిర్వహణకు ఏటా ఎంత కట్టాలో అమ్మకందారు కాగితం మీద రాసి చూపించాడు, అంతే.