తడబడే కుర్ర బ్యాటర్‌ని కిందికి పంపాలా, పైనే ఆడించాలా: ఏది మేలు?

ప్రతి ఏప్రిల్‌లోనూ ఇదే ప్రశ్న వస్తుంది. బేస్‌బాల్ చూసే మనవాళ్ళు, ముఖ్యంగా పిల్లల వల్ల ఈ ఆటకి అలవాటు పడ్డ తల్లిదండ్రులు, కొత్తగా వచ్చిన కుర్రాడు వరసగా స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులకి అవుట్) అవుతుంటే చూడలేక అడుగుతారు: "పాపం, వాణ్ణి మళ్ళీ మైనర్ లీగ్‌కి, అంటే మేజర్ లీగ్‌కి కింద ఉండే జట్లకి, పంపేయొచ్చు కదా? రోజూ అంతమంది ముందు నిలబెట్టడం దేనికి?" వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "పంపితే ఉన్న ధైర్యం కూడా పోతుంది, ఉంచాలి." ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

2024లో ఈ ప్రశ్న జాక్సన్ హాలిడే గురించి. 2022 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేచోట, మొట్టమొదట ఎంపికైన కుర్రాడు, మాజీ ఆటగాడు మ్యాట్ హాలిడే కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. ఏప్రిల్ 10న బోస్టన్‌లో బాల్టిమోర్ జట్టు ఓరియోల్స్ తరఫున మొదటి ఆట ఆడాడు. పది ఆటల్లో 34 అట్‌బ్యాట్లు (బ్యాటింగ్ అవకాశాలు), రెండు హిట్లు (బంతి కొట్టి బేస్ చేరడం), 18 స్ట్రైకౌట్లు. సగటు, అంటే హిట్లని అట్‌బ్యాట్లతో భాగిస్తే వచ్చేది, .059. ఆ నెల 26న నార్ఫోక్‌కి, అంటే మైనర్ లీగ్‌లో అన్నిటికంటే పై మెట్టైన ట్రిపుల్ ఏ జట్టుకి పంపేశారు. అప్పుడు మంచి పని చేశారన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఆ తర్వాత జరిగింది చూశాక నా మొగ్గు పైన ఉంచడం వైపుకి మారింది. ఎందుకో చెప్పాలంటే ముందు 1951కి వెళ్ళాలి.

ఆ ఏడాది న్యూయార్క్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఒకేసారి అడుగుపెట్టారు. యాంకీస్‌లో మిక్కీ మాంటిల్, పంతొమ్మిదేళ్ళు. జెయింట్స్‌లో విల్లీ మేస్, ఇరవై ఏళ్ళు. ఇద్దరూ తడబడ్డారు. మేస్‌కి మొదటి 12 అట్‌బ్యాట్లలో ఒక్క హిట్ కూడా రాలేదు. తర్వాత పేరుమోసిన పిచర్ (బంతి వేసేవాడు) వారెన్ స్పాన్ బంతిని హోమ్ రన్ కొట్టాడు, మళ్ళీ అదే వరస. మొత్తం 26 అట్‌బ్యాట్లలో ఒకే ఒక్క హిట్. లాకర్ దగ్గర కూర్చుని ఏడ్చాడు, నన్ను మళ్ళీ మినియాపోలిస్‌కి, తను అంతకుముందు ఆడిన మైనర్ లీగ్ జట్టుకి, పంపేయండి అన్నాడు. మేనేజర్ లియో డ్యురోచర్ పంపలేదు. నేనిక్కడ మేనేజర్‌గా ఉన్నంతకాలం సెంటర్ ఫీల్డ్ నీదే అని చెప్పాడు. ఆ సీజన్ చివరికి మేస్ సగటు .274, హోమ్ రన్లు 20, ఆ ఏటి మేటి కొత్త ఆటగాడి అవార్డు కూడా అతనికే.

మాంటిల్‌ని మాత్రం జులైలో కాన్సస్ సిటీలోని మైనర్ లీగ్ జట్టుకి పంపేశారు. అక్కడా మొదట్లో కొట్టలేకపోయాడు. ఇక నావల్ల కాదని తండ్రికి ఫోన్ చేశాడు. తండ్రి ఓక్లహోమాలో గని కార్మికుడు. హోటల్ గదికి వచ్చి ఓదార్చలేదు సరికదా, కొడుకు బట్టలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు: పద, నాతో పాటు గనిలో పని చేద్దువుగాని. మాంటిల్ ఏడ్చి, ఉండిపోతానన్నాడు. తర్వాత కాన్సస్ సిటీలో 40 ఆటల్లో .361 కొట్టి, ఆగస్టులో తిరిగొచ్చాడు. మాంటిల్ ఈ కథని జీవితమంతా చెప్పుకున్నాడు. నేను ఎన్నిసార్లు చదివినా ఆ హోటల్ గది దగ్గర ఆగిపోతాను.

అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్‌లో, అంటే సీజన్ ఆఖరి పోటీలో, ఇద్దరూ ఎదురుపడ్డారు. రెండో ఆటలో మేస్ కొట్టిన బంతి కోసం పరుగెత్తుతూనే మాంటిల్ డ్రైనేజీ మూత మీద కాలుపడి మోకాలు దెబ్బతీసుకున్నాడు. ఒకణ్ణి ఉంచారు, ఒకణ్ణి పంపారు. ఇద్దరూ మేటి ఆటగాళ్ళకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. అందుకే ఈ కథని రెండు పక్షాలవాళ్ళూ తమకి సాక్ష్యంగా తెచ్చుకుంటారు.

కానీ ఇద్దరూ పైకి ఎలా వచ్చారో చూడండి. మేస్ నల్లజాతి ఆటగాళ్ళ నీగ్రో లీగ్‌లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌కి పెద్దవాళ్ళతో ఆడి వచ్చినవాడు. ఆ ఏడాది మినియాపోలిస్‌లో 35 ఆటల్లో అతని సగటు .477. అక్కడ అతనికి నేర్పగల పిచర్ ఎవరూ మిగల్లేదు. మాంటిల్ సంగతి వేరు. 1950లో అతను ఆడింది జాప్లిన్‌లో, మైనర్ లీగ్‌లో కింది మెట్టైన క్లాస్ సి స్థాయిలో. అక్కణ్ణుంచి నేరుగా యాంకీస్‌లోకి దూకాడు, మధ్యలో మెట్లేవీ ఎక్కలేదు. కాన్సస్ సిటీ అతనికి శిక్ష కాదు, ఎక్కకుండా దాటేసిన మెట్టు.

అన్నిటికంటే ముందు నేను చూసేది ఇదే. సగటు కాదు, వయసు కాదు, డ్రాఫ్ట్‌లో ఎన్నోవాడన్నది అసలే కాదు. కింద అతను నేర్చుకోవలసింది ఏమైనా మిగిలి ఉందా?

మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ (పూర్తి వేగంతో వేసే బంతి) ఇప్పుడు సగటున గంటకి 94 మైళ్ళు. చేతిలోంచి వదిలిన బంతి ప్లేటు చేరడానికి 0.4 సెకను పడుతుంది. ట్రిపుల్ ఏలో అంత వేగం ఉండదా అంటే, ఉంటుంది. 97 వేసేవాళ్ళు అక్కడా ఉన్నారు. కాకపోతే వాళ్ళకి బంతి అనుకున్న చోట పడదు. అనుకున్న చోట వేయగల అనుభవజ్ఞులూ ఉంటారు, వాళ్ళకి వేగం పోయి ఉంటుంది. రెండూ ఉన్నవాడు అక్కడెందుకుంటాడు? పైకి వెళ్ళిపోతాడు. ఛాతీ ఎత్తులో 97, తర్వాతి బంతి అదే దారిలో వచ్చి మోకాళ్ళ కింద జారిపోయే స్లైడర్: ఈ జంటని రోజూ ఎదుర్కోవడం పైన ఉంటేనే కుదురుతుంది. పైగా మేజర్ లీగ్ పిచర్లు కుర్రాడి బలహీనత రెండు మూడు ఆటల్లో కనిపెడతారు, ఆ తర్వాత లీగంతా అదే బంతి వేస్తుంది. ట్రిపుల్ ఏలో ఒక కుర్రాడి మీద అంత శ్రద్ధ పెట్టరు.

ఇంకో తేడా కూడా ఉంది. 2023 నుంచి ట్రిపుల్ ఏ మైదానాలన్నిటిలో స్ట్రైక్ తేల్చడానికి యంత్రాన్ని వాడారు. మేజర్ లీగ్‌లోకి అది 2026లోనే, అదీ అప్పీలు చేసుకునే పద్ధతిలోనే వచ్చింది. ఏ బంతి వదిలేయాలన్న అంచనా మీదే కుర్ర బ్యాటర్ బతుకు నిలబడుతుంది. ఆ అంచనాని ఒకచోట నేర్చుకుని మరోచోట వాడాలంటే, బంతి అంచున పడ్డప్పుడల్లా అనుమానమే.

ఇప్పుడు హాలిడే దగ్గరకి వద్దాం. 2023లో ఒకే ఏడాదిలో నాలుగు స్థాయిలు దాటాడు: డెల్మార్వా, అబర్డీన్, బౌవీ, నార్ఫోక్. ఆఖరి మెట్టు మీద, 2024 ఆరంభంలో ఆడినవి కలిపినా, ముప్ఫై ఆటలు కూడా ఆడకుండానే పైకి వచ్చాడు. అంటే మాంటిల్ లాంటి కేసు. సగానికి పైగా అట్‌బ్యాట్లలో స్ట్రైకౌట్ అవుతున్నవాడికి పిచర్ గురించి ఆలోచించే తీరిక ఉండదు, బ్యాట్‌కి బంతి తగిలితే చాలన్న టెన్షనే ఉంటుంది. కాబట్టి పంపడం సరైనదే. నార్ఫోక్‌లో .271 కొట్టాడు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే దక్కే బేస్) బాగా తీసుకుని బేస్ మీదకి .431 చొప్పున చేరాడు. జులై 31న మళ్ళీ పిలిచారు. ఆ రోజే తన మొదటి హోమ్ రన్, అదీ గ్రాండ్ స్లామ్ (మూడు బేసుల మీదా మనవాళ్ళుండగా కొట్టినది), ఓరియోల్స్ మైదానం కామ్డెన్ యార్డ్స్ కుడివైపు గోడ దాటి యూటా స్ట్రీట్ మీద పడింది. చూస్తున్న మాకు కష్టాలు తీరిపోయాయనిపించింది.

తీరలేదు. ఆ సీజన్ ముగిసేసరికి 60 ఆటల్లో .189, స్ట్రైకౌట్లు 69. నార్ఫోక్ ఎంతవరకు నేర్పగలదో అంతవరకే నేర్పింది. కానీ రెండోసారి ఓరియోల్స్ అతన్ని కిందికి పంపలేదు. జట్టు ప్లేఆఫ్ పోటీలో ఉన్న రోజుల్లో, ప్రతి ఓటమీ లెక్కకొచ్చే సెప్టెంబర్‌లో, .200 లోపు సగటుతో ఉన్నవాణ్ణి అట్టిపెట్టుకున్నారు. 2025లో అతను 149 ఆటలు ఆడాడు, .242, హోమ్ రన్లు 17. గొప్ప అంకెలు కావు, నిజమే. కానీ .059తో మొదలైన కుర్రాడు ఇరవై ఒక్క ఏళ్ళకి మేజర్ లీగ్‌లో రోజువారీ ఆటగాడయ్యాడు. ఆ మార్పు నార్ఫోక్‌లో కాదు, పైన దెబ్బలు తింటూనే వచ్చిందని నా నమ్మకం.

దీనికి ఎదురుగా జారెడ్ కెలెనిక్‌ని పెట్టి చూస్తే బాధేస్తుంది. 2021 మే 13న సియాటెల్‌లో మొదటి ఆట. 39 అట్‌బ్యాట్లు వరసగా హిట్ లేకుండా పోయాయి, .096 దగ్గర ఉండగా జూన్‌లో సియాటెల్ వాళ్ళ ట్రిపుల్ ఏ జట్టు టకోమాకి పంపారు. ట్రిపుల్ ఏలో ఆరు ఆటలే ఆడి పైకి వచ్చినవాడు, కాబట్టి నా కొలత ప్రకారం కూడా ఆ మొదటిసారి పంపడం తప్పు కాదు. జులైలో తిరిగొచ్చి సీజన్‌ని .181 దగ్గర ముగించాడు. అసలు చిక్కు 2022లో. కిందికి, పైకి, మళ్ళీ కిందికి. టకోమాలో బాగానే కొట్టేవాడు, సియాటెల్‌కి రాగానే తేలిపోయేవాడు. ఆ ఏడు మేజర్ లీగ్‌లో సగటు .141. టకోమా అతనికి ఇవ్వగలిగింది ఏమీ మిగల్లేదని అప్పటికే తేలిపోయినా పంపుతూనే ఉన్నారు. కుర్రాడి వైపు నుంచి ఆలోచించండి: నాలుగు రోజులు హిట్ రాకపోతే బస్సెక్కాలని తెలిసినవాడు ఐదో రోజు నిబ్బరంగా బంతి వదిలేయగలడా? ఒకసారి పంపడం వేరు, పంపుతూ ఉండడం వేరు. నేను ఖచ్చితంగా వ్యతిరేకించేది రెండోదాన్నే.

పైన ఉంచినవాళ్ళందరూ గెలిచారా అంటే అదీ లేదు, కానీ ఉంచినందుకు ఫలితం దక్కిన ఉదాహరణలు చాలా పెద్దవి. 1973లో ఫిలడెల్ఫియా జట్టు ఫిలీస్ మైక్ ష్మిట్‌ని ఏడాదంతా ఆడించారు: .196 సగటు, 136 స్ట్రైకౌట్లు. మరుసటి ఏడు 36 హోమ్ రన్లతో లీగ్ మొత్తంలో అతనే మొదటివాడు. 2016 ఆగస్టులో వచ్చిన ఆరన్ జడ్జ్ 84 అట్‌బ్యాట్లలో 42 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, సగటు .179. యాంకీస్ పంపలేదు. గాయంతో ఆ సీజన్ ముగిసింది, శీతాకాలమంతా స్వింగ్ మీద పనిచేసుకుని 2017లో 52 హోమ్ రన్లు కొట్టాడు. తనని పైన ఎలాంటి బంతులతో ఓడించారో స్వయంగా చూసి ఉన్నాడు కాబట్టే, ఏది సరిచేసుకోవాలో అతనికి తెలుసు.

మూడో దారి, రోస్టర్‌లో (మేజర్ లీగ్ జట్టు జాబితాలో) ఉంచి బెంచీ మీద కూర్చోబెట్టి వారానికి రెండు ఆటలివ్వడం, దండగ. ఇరవై ఏళ్ళవాడికి కావలసింది బంతులు. బ్యాటింగ్ వరసలో ఆఖరిదైన తొమ్మిదో స్థానానికి దింపడం కూడా అంతే. హాలిడేని మొదటి ఆటలోనే తొమ్మిదో స్థానంలో పెట్టారు, ఏం మారింది?

డబ్బు సంగతి అడిగేవాళ్ళ కోసం ఒక్క మాట. 172 రోజులు రోస్టర్‌లో ఉంటే ఏడాది సర్వీసు, ఆరేళ్ళ సర్వీసు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్ళిపోవచ్చు. 2015లో షికాగో కబ్స్ ఆలస్యంగా పిలవడంతో క్రిస్ బ్రయంట్‌కి ఆ ఏటి లెక్క 171 రోజుల దగ్గర ఆగింది, ఫిర్యాదు చేసినా 2020లో ఓడిపోయాడు. కాబట్టి జట్టు ఆలస్యంగా పిలిచినప్పుడు అనుమానించడంలో తప్పులేదు. కానీ .059 కొడుతున్నవాణ్ణి పంపితే అది డబ్బు కోసమేనని నేను అనుకోను.

నా లెక్క చెప్పేస్తాను. ట్రిపుల్ ఏలో యాభై ఆటలు కూడా ఆడకుండా పైకి వచ్చి, బంతే తగలని స్థితిలో ఉంటే, ఒక్కసారి పంపండి. రెండు మూడు నెలలు అక్కడే ఉండనివ్వండి, వారానికోసారి కబురు పెట్టకండి. తిరిగి పిలిచాక ఆ సీజన్ ఇంకెక్కడికీ పంపమని మేనేజర్ నోటితోనే చెప్పించండి. ట్రిపుల్ ఏని ముందే దంచికొట్టి వచ్చినవాడైతే, .150 కొట్టినా సరే, రేపటి ఆటలో పేరు రాయండి. మేస్ పేరు డ్యురోచర్ అలా రాస్తూనే ఉన్నాడు. అక్టోబర్ 3న బాబీ థామ్సన్ హోమ్ రన్ కొట్టి జెయింట్స్‌ని వరల్డ్ సిరీస్‌కి పంపినప్పుడు, తర్వాతి బ్యాటర్‌గా సర్కిల్‌లో ఎదురుచూస్తున్నది మేసే.