మార్కెట్ నియమాలు చెప్పే ఎంసీపీ సర్వర్: చాలాకాలం వాడిన తర్వాత

క్రిప్టో ట్రేడింగ్‌కు ఏఐ ఏజెంట్‌ను పెట్టుకున్నవాళ్లకు ఈ తలనొప్పి కొత్త కాదు. కొనాలా, ఆగాలా అని ఏజెంట్ పేజీల కొద్దీ తర్కిస్తుంది. తీరా ఆర్డర్ పంపగానే ఎక్స్ఛేంజీ తిప్పికొడుతుంది. ధరలో దశాంశ స్థానం ఒకటి ఎక్కువైందనో, మొత్తం విలువ కనీస స్థాయికి తగ్గిందనో కారణం చెబుతుంది. ఏజెంట్ ఆ నియమాలను అడిగి తెలుసుకోదు, శిక్షణలో ఎప్పుడో చూసిన జ్ఞాపకంతో చెప్పేస్తుంది. ఎక్స్ఛేంజీలేమో వాటిని మార్చుకుంటూ పోతాయి.

నేను వాడుతున్నది ఈ ఒక్క పని కోసమే రాసిన చిన్న సర్వర్. ఏఐని బయటి పనిముట్లతో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ) ద్వారా ఏజెంట్‌తో మాట్లాడుతుంది. లోపల పనిచేసేది వందకు పైగా ఎక్స్ఛేంజీలను ఒకే తీరుగా పలకరించే సీసీఎక్స్‌టీ అనే కోడ్ లైబ్రరీ. ఎక్స్ఛేంజీ పేరు, జత పేరు (ఏ నాణేన్ని దేనితో కొంటున్నామో) ఇస్తే చాలు: ధర ఎంతెంత చొప్పున మారాలో చెప్పే టిక్ సైజు, పరిమాణానికి అలాంటిదే అయిన స్టెప్ సైజు, కనిష్ఠ గరిష్ఠ పరిమితులు, కనీస ఆర్డర్ విలువ, ఫీజు, ఆ జతలో ఇప్పుడు ట్రేడింగ్ నడుస్తోందో లేదో చెబుతుంది. ఇదంతా బహిరంగ సమాచారమే కాబట్టి మన ఖాతాను తెరిచే ఏపీఐ కీ అడగదు. దీన్ని ధైర్యంగా ఏజెంట్ చేతికి ఇవ్వడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

ఎక్కువగా ఉపయోగపడింది ఆర్డర్ పంపకముందే సరిచూసే ఫంక్షన్. ఒక లెక్క చూడండి. ధర 0.4372, స్టెప్ సైజు 0.1, కనీస విలువ 5 యూఎస్‌డీటీ (డాలరుతో ముడిపడిన క్రిప్టో నాణెం) అనుకుందాం. సరిగ్గా 5 యూఎస్‌డీటీకి కొనమంటే ఏజెంట్ భాగించి 11.436 తెస్తుంది. స్టెప్‌కు తగ్గట్టు కిందికి సర్దితే 11.4. ఇప్పుడు గుణించండి: 4.98. ఒక నియమం పాటించబోయి ఇంకో నియమం తప్పినట్టయింది. సర్వర్ ఇక్కడ ఏ నియమం దగ్గర ఆగిందో చెప్పి, 11.5 పెడితే విలువ 5.03 దాకా వస్తుందని సూచిస్తుంది. బైనాన్స్ ఇలాంటి ఆర్డర్‌కు మైనస్ 1013 అనే కోడ్‌తో పాటు ఏ ఫిల్టర్ (నియమం) అడ్డుపడిందో మాత్రమే చెబుతుంది. ఎంత పెట్టాలో మనమే లెక్కగట్టుకోవాలి. పైగా సర్వర్ అంకెలన్నీ స్ట్రింగ్‌లుగానే, అంటే రాసినది రాసినట్టే అక్షరాల రూపంలో ఇస్తుంది. కంప్యూటర్ 0.1కి 0.2 కలిపితే 0.3 రాకుండా ఎక్కడో చివర 4 తగిలించుకుని వచ్చే ఫ్లోటింగ్ పాయింట్ గోల లేదు.

ఇక లోపాలు. మొదటిది నిజంగా ప్రమాదకరం. ఎక్స్ఛేంజీ గరిష్ఠ పరిమితి ప్రకటించకపోతే ఆ గడి ఖాళీగా వస్తుంది. ఖాళీ అంటే పరిమితి తెలియదని అర్థం. ఏజెంట్ మాత్రం పరిమితి లేదని చదువుకుంటుంది, అదీ ఎంతో నమ్మకంగా! గడి ఖాళీగా ఉంటే ఊహించకుండా ఆగిపోవాలని నా ప్రాంప్ట్‌లో రాసుకోవాల్సి వచ్చింది. ఆ హెచ్చరిక సర్వర్ జవాబులోనే ఉండాల్సింది.

రెండోది ప్రెసిషన్, అంటే అంకె ఎంత సూక్ష్మంగా ఉండొచ్చో చెప్పే విలువ. సీసీఎక్స్‌టీలో కొన్ని ఎక్స్ఛేంజీలకు అది దశాంశ స్థానాల సంఖ్య, కొన్నింటికి నేరుగా టిక్ సైజు. 2 అని వస్తే రెండు దశాంశాలా, ధర రెండేసి చొప్పున మారాలా? లైబ్రరీలో ఆ తేడా చెప్పే గుర్తు ప్రతి ఎక్స్ఛేంజీకీ ఉంది. పాత వెర్షన్‌లో సర్వర్ దాన్ని వదిలేసి వట్టి అంకె పంపేది. తర్వాతి వెర్షన్‌లో అన్నింటినీ టిక్ సైజుగా మార్చి ఇస్తోంది, ఆ చిక్కు తీరింది.

మూడోది తాజాదనం. మార్కెట్ల జాబితాను లైబ్రరీ ఒకసారి తెచ్చుకున్నాక, మళ్లీ తెమ్మని చెప్పేవరకు దాన్నే వాడుతుంది. సర్వర్‌ను రోజుల తరబడి ఆపకుండా నడిపితే పాత నియమాలే వినిపిస్తాయి. నేను గంటకోసారి మళ్లీ తెప్పిస్తున్నాను. ఇంకా తరచుగా అడిగితే ఎక్స్ఛేంజీ 429 (మరీ ఎక్కువసార్లు అడిగారనే ఎర్రర్ కోడ్) చూపించి తలుపు మూసే ప్రమాదముంది. ప్రతి జవాబులో సమాచారం తెచ్చిన సమయం చూపించమని సర్వర్ రాసినవాళ్లను అడిగాను. ఇంకా రాలేదు.

మార్కెట్ ఆర్డర్ల (అప్పుడున్న ధరకే వెంటనే కొనే, అమ్మే ఆర్డర్ల) విషయంలో సర్వర్ మాటను పూర్తిగా నమ్మకండి. ఆ ఆర్డర్లలో ధర ఉండదు కాబట్టి కనీస విలువ లెక్కకు బైనాన్స్ గత కొద్ది నిమిషాల సగటు ధర తీసుకోవచ్చు. ఈ సర్వర్ చివరి ధరతో సరిచూస్తుంది. మార్కెట్ వేగంగా కదులుతున్నప్పుడు సరిగ్గా అంచున ఉన్న ఆర్డర్‌కు ఇది సరే అంటుంది, ఎక్స్ఛేంజీ కాదంటుంది. అందుకే కనీస విలువకు కొంత పైనే ఉండమని ఏజెంట్‌కు చెప్పి పెట్టాను.

ఫీజు కూడా అంతే. సర్వర్ చూపించేది అందరికీ ప్రకటించిన మేకర్ (ఆర్డర్ పెట్టి వేచి ఉండేవారి), టేకర్ (ఉన్న ఆర్డర్‌ను వెంటనే అందుకునేవారి) రేట్లు. మీ ట్రేడింగ్ పరిమాణాన్ని బట్టి వచ్చే తగ్గింపు అందులో కనిపించదు. అది కావాలంటే ఖాతా కీ ఇవ్వాలి. నేను ఇవ్వలేదు, ఇవ్వను కూడా. తగ్గింపు రేటును కాన్ఫిగ్ ఫైల్‌లో చేత్తో రాసి పెట్టుకున్నాను.