ఒక్క సంఘటన కథా, జీవితకథా?

నల్లజాతీయుల చరిత్ర పుస్తకాలతో నాలుగైదేళ్ల పిల్లలకు మాటలు నేర్పాలంటే మా ఓటు ఒక్క సంఘటన చుట్టూ తిరిగే కథకే. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడేందుకు హెన్రీ బ్రౌన్ 1849లో చెక్కపెట్టెలో దాక్కుని, రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకు పార్శిల్‌గా వెళ్లాడు. పెట్టెలోకి దూరడం, దారిలో తలకిందులవడం, మూత తీయడం: మూడు బొమ్మలు వరసగా పెట్టి "తర్వాత ఏమైంది?" అని అడిగి ఐదు సెకన్లు ఆగండి. జవాబు మనమే అందిస్తే పిల్లలు తలూపి ఊరుకుంటారు. 'లోపల', 'తలకిందులు' నేర్పడానికి అట్టపెట్టె, చిన్న బొమ్మ చాలు.

తాను బానిసత్వం నుంచి తప్పించుకుని, ఇతరులనూ తప్పించిన హారియట్ టబ్‌మన్ జీవితకథ లాంటివి ఏడెనిమిదేళ్లకు నయం. ఏళ్లు దూకుతుంటాయి కాబట్టి చిన్నవాళ్లు వరస తప్పుతారు; పెద్ద పిల్లలకు 'అంతకుముందు', 'అందువల్ల' అలవాటవుతాయి. 'బానిసత్వం' అనే మాట మాత్రం ఏ వయసులోనూ దాటేయకండి: "మనుషుల్ని కొని, అమ్మి, బలవంతంగా పని చేయించడం" అని సూటిగా చెప్పండి.