రెవిట్‌లో పర్జ్ అన్‌యూజ్డ్: ఏడేళ్ల వాడకం తరువాత

విశాఖపట్నం సిరిపురంలోని ఒక చిన్న ఆర్కిటెక్చర్ కార్యాలయంలో నేను ఏడేళ్లుగా రెవిట్ అనే భవన రూపకల్పన సాఫ్ట్‌వేరులో త్రీడీ మోడళ్లు తయారు చేస్తున్నాను. మధురవాడ, కొమ్మాది వైపు లేచే బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లే మా పనిలో ఎక్కువ. అటువంటి మోడల్ ఏడాది తిరిగేసరికి ఎంత బరువెక్కుతుందంటే, ఉదయం ఫైలు మీద నొక్కి కిందికి వెళ్లి టీ తాగి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. ఆ బరువు దించడానికి అందరూ మొదట వెళ్లేది మేనేజ్ ట్యాబ్‌లోని పర్జ్ అన్‌యూజ్డ్ (వాడనివాటిని తొలగించే ఆదేశం) దగ్గరికే. అది తన పని నిజాయితీగానే చేస్తుంది, కాని మనం అనుకునే పని అది కాదు.

మోడల్‌లో ఎక్కడా పెట్టని ఫ్యామిలీలు (కిటికీ, తలుపు వంటి భాగాల నమూనాలు), టైపులు (వాటిలోని రకాలు), గ్రూపులు, మెటీరియళ్లను అది జాబితాగా చూపి, టిక్కు ఉన్నవాటిని తొలగిస్తుంది. నేను వాడిన వెర్షన్లలో ఒక్క విడతతో ఇది పూర్తయ్యేది కాదు. ఒక గోడ టైపు ఫైలులో ఉన్నంతసేపు దాని పొరల్లోని మెటీరియల్ కూడా వాడుకలో ఉన్నట్టే లెక్క. టైపు పోయిన తరువాతే ఆ మెటీరియల్ జాబితాకెక్కుతుంది. అందుకే జాబితా ఖాళీ అయ్యేదాకా రెండు మూడుసార్లు నడపడం మాకు అలవాటైంది.

అసలు బరువు మాత్రం చాలాసార్లు దాని చేతికి అందని చోట ఉంటుంది. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ పంపిన ఆటోకాడ్ డ్రాయింగును తొందరలో లింక్ చేయకుండా (బయటి ఫైలుగానే ఉంచకుండా) ఇంపోర్ట్ చేసి, అంటే మోడల్‌లోకే కలిపేసి, పని అయ్యాక ఆ వ్యూలో (మోడల్‌ను చూపే ప్లాన్, సెక్షన్ వంటి దృశ్యంలో) కనబడకుండా దాచేసి మరచిపోయిన సందర్భాలు మా ఫైళ్లలో కోకొల్లలు. కంటికి కనబడకపోయినా అది మోడల్‌లో ఉన్నదే కనుక ఈ ఆదేశం దాని జోలికి పోదు. ఏ షీటు మీదికీ ఎక్కని ప్రయత్నపు వ్యూల సంగతీ అంతే. గదుల విషయం మరీ విచిత్రం: ప్లాన్‌లో గదిని తొలగించామనుకుంటాము, అది షెడ్యూల్‌లో (గదుల పట్టికలో) ‘నాట్ ప్లేస్డ్’ అంటూ కూర్చునే ఉంటుంది, అక్కడి నుంచి విడిగా తీసివేయాలి.

రెండో చిక్కు, ఇక వాడనిదానికీ ఇంకా వాడనిదానికీ దానికి తేడా తెలియకపోవడం. ఒకసారి క్లయింటుకు ఫైలు పంపే ముందు, జాబితా చదవకుండా అన్నిటినీ తొలగించాను. రెండో టవరు కోసం ముందుగా సిద్ధం చేసి ఉంచిన గోడ టైపులూ, కిటికీ ఫ్యామిలీలూ వాటితో పాటే పోయాయి. మూడు వారాల తరువాత ఆ టవరు మొదలుపెట్టినప్పుడు గాని సంగతి బయటపడలేదు. గోడ టైపులను ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్ అనే ఆదేశం ద్వారా పాత ఫైలు నుంచి తెచ్చుకోగలిగాను. కిటికీలు ఆ దారిలో రావు కనుక లైబ్రరీ వెతికి ఒక్కొక్కటే లోడ్ చేయవలసి వచ్చింది. తప్పు నాదే, అయినా ఆ రోజు తిట్టుకున్నది సాఫ్ట్‌వేరునే.

పలువురు కలిసి పనిచేసే ఉమ్మడి ఫైలులో, అంటే సెంట్రల్ మోడల్‌లో, దీనికి వేళ చూసుకోవాలి. వర్క్‌సెట్లన్నీ (పని పంచుకోవడానికి మోడల్‌ను విడదీసిన భాగాలు) తెరిచి ఉండాలి. మరొకరి అధీనంలో ఉన్న ఎలిమెంట్లను ముట్టుకోవడం కుదరదు. కాబట్టి శనివారం సాయంత్రం అందరూ సింక్ చేసి (తమ మార్పులను ఉమ్మడి ఫైలుకు చేర్చి), తమ అధీనంలోనివి వదులుకుని ఇళ్లకు వెళ్లిన తరువాత, ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టి, ఆపైనే శుభ్రం చేస్తాను. చివర సింక్ చేసేటప్పుడు ‘కాంపాక్ట్ సెంట్రల్ మోడల్’ దగ్గర టిక్కు పెట్టడం మరచిపోతే, అంత శ్రమ పడినా ఫైలు పరిమాణం అనుకున్నంత తగ్గదు.

ఈ ఆదేశాన్ని మానే ఉద్దేశం నాకు లేదు. నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే: ఉంచదలచిన టైపులకు జాబితాలో టిక్కులు తీసివేసినా ఆ ఎంపికను అది గుర్తుపెట్టుకోదు. మరుసటి విడతలో అన్నీ మళ్లీ టిక్కులతోనే ఎదురవుతాయి. నేను మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే తీసుకుంటూ వెళ్లాలి.