రాయిలో మెరుపు బంగారమా? కత్తి, గీటురాయి, టైలు – ఏది మేలు?

మా మేనల్లుడు కుప్పం నుంచి ఒక రాయి పట్టుకొచ్చాడు. బావి పూడిక తీస్తుంటే దొరికిందట. తెల్లటి పలుగురాయిలో చింతగింజంత పసుపు మెరుపు.

"మామా, ఇటు చిగురుకుంట, అటు కోలార్. బంగారమే కదా?"

వాడి ఆశ ఊరికే పుట్టింది కాదు. చిగురుకుంటలో బంగారు గని ఉండేది. కానీ 2001లో మూతపడిన కోలార్‌లో కూడా టన్ను రాయికి బంగారం గ్రాముల లెక్కే, అదీ చాలావరకు కంటికి ఆనదు. ఇంత పెద్దగా మెరుస్తోందంటే నా అనుమానం పైరైట్ మీదే. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది. మనవాళ్ళు కాకిబంగారం అనే అభ్రకం వేరు, అది గోటితో గీరితే పొరలుగా లేస్తుంది.

వాడు ముందు గీటురాయి అన్నాడు. అది నగల మచ్చు చూడటానికే మేలు. పైరైట్ పొడి ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు, నల్లరాయి మీద నల్లగీత ఏం కనబడుతుంది?

కత్తి మొన నయం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కగట్టే మోస్ కొలతలో బంగారం 2.5 నుంచి 3, కాబట్టి గాటు పడుతుంది. పైరైట్ 6 నుంచి 6.5, కత్తి జారిపోతుంది. చిక్కల్లా చాల్కోపైరైట్‌తోనే. రాగి కూడా ఉండే ఆ ఖనిజం గట్టిదనం 3.5 నుంచి 4. దాని మీదా గాటు పడుతుంది, మనం బంగారం అనుకుని మోసపోతాం.

తూకం సంగతి సరేసరి. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, పైరైట్ 5 రెట్లే. అయితే మెరుపు పలుగురాయిలో ఇరుక్కుని ఉంటే తూచేది దేన్ని? సుత్తితో కొడితే బంగారం సాగుతుంది, పైరైట్ పొడిపొడి అయిపోతుంది. కానీ చక్కటి ఘనాకారపు స్ఫటికం ఉంటే అదీ పోతుంది. నిప్పులో వేసి చూడకండి, గంధకం పొగ ఊపిరాడనివ్వదు.

నా ఓటు బాత్రూం టైలు ముక్కకే. నునుపు లేని వెనక వైపు, తెల్లగా ఉన్నది కావాలి. గట్టిగా గీస్తే బంగారం పసుపు గీత పెడుతుంది, మిగతా రెండూ నల్లగీత. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి అప్పుడు కత్తి తీయాలి.

గీశాం. నల్లగీత. కత్తి జారింది. పైరైటే.

వాడు కాసేపు గీతనే చూసి, "టైలు పారేయకు మామా, బండి డిక్కీలో ఇంకో రాయి ఉంది" అన్నాడు.